రాళ్ళు మోసిన అబ్బా, సంగ్ మర్మర్ మక్బరా

అబ్బా ఇంతెఖాల్ అయ్యి రెండేళ్ళు దాటింది. ఈ రెండేళ్ళూ మా ఇంట్లో ఒక్కటే పంచాయితీ. జెద్దాలో ఉండే మా పెద్ద భాయిజాన్ అబ్బా ఖబర్‌ని సంగ్ మర్మర్‌తో పక్కాగా కట్టిద్దామంటాడు. తాండూరులోనే ఉండే మా తమ్ముడు వద్దంటాడు. ఖబర్‌ని గచ్చుతో పక్కా కట్టడం హదీసులో మన్హా అని వాడి మాట. ఫోన్లో మొదలైన బహస్ ఫోన్ పెట్టేసుకోవడంతో ఖతం అవుతుంది. మధ్యలో అమ్మీ తస్బీహ్ పట్టుకుని చుప్‌గా కూర్చుంటుంది.

నాకు ఒక మాట తెలుసు. ఆఖరి వారంలో అబ్బా నాతోనూ అమ్మీతోనూ అన్నాడు. "నా మీద రాయి పెట్టకుండ్రి బేటా. బతికినన్ని దినాలు రాళ్ళు మోసిన." ఆ మాట భాయిజాన్‌కి చెప్తే, "నీతో అన్నడేమో, నాతో అనలే" అన్నాడు. నిజమే, ఆయనతో అనలేదు. ఆయన జనాజాకి కూడా అందలేదు. ఛుట్టీ దొరికి, టికెట్ దొరికి, ఇంటికి చేరేసరికి మూడో దినం. సంగ్ మర్మర్ జిద్దు ఎక్కడి నుంచి వస్తుందో మా అందరికీ తెలుసు. అందుకే ఎవరమూ ఆయన్ని గట్టిగా ఏమీ అనలేకపోయాం.

ఇంకో సంగతి. మా వైపు ఆడవాళ్ళు ఖబ్రస్తాన్‌కి వెళ్ళరు. అబ్బా ఖబర్ ఎట్లుందో అమ్మీ చూడలేదు, నేనూ చూడలేదు. చూడని ఖబర్ మీద రాయి ఉండాలా వద్దా అని రెండేళ్ళు వింటూ కూర్చున్నాం.

మొన్న మా ఖాలా మనవడి వలీమా అని ముంబ్రా నుంచి దావత్ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో వాకిలి దాటని అమ్మీ "నేనూ వస్త" అంది. అందరం హైరాన్ అయ్యాం. తాండూరులో రైలు ఎక్కి బెర్తు మీద కాళ్ళు చాపుకున్నాక అసలు మాట చెప్పింది. "మీ అబ్బా పని చేసిన ఆ రౌజా నాకు చూపియ్యి. ఒక్కసారి చూస్త."

ఆ రౌజా కిస్సా మా ఇంట్లో పాతది. అబ్బా తాండూరు బండల గనుల్లో పదేళ్ళ వయసులోనే పనికి పోయాడు. నాపరాళ్ళు మోయడం, కోయడం, నున్నగా రుద్దడం ఆయనకు వచ్చిన హునర్. నికాహ్ అయిన రెండేళ్ళకు, 1971లో, ఊళ్ళో పని లేక బొంబాయి పోయాడు. మా దిక్కు నుంచి బొంబాయి పోని ఖాన్‌దాన్ ఉండదు కదా. పాలమూరు లేబర్ అని పేరే పడింది. నాలుగేళ్ళు అక్కడ పాలరాయి పాలిష్ పని చేశాడు. తిరిగొచ్చాక జిందగీ అంతా చెప్పుకున్నది ఒకటే. "ఖురాన్ షరీఫ్ మొత్తం గోడల మీద చెక్కిన మక్బరా ఉంది బొంబాయిల. ఆ రాళ్ళు ఈ చేతులతో రుద్దిన."

చిన్నప్పుడు మేం నమ్మేవాళ్ళం. పెద్దయ్యాక నవ్వేవాళ్ళం. అబ్బాకు అలిఫ్ బే రాదు. దస్తఖత్ బదులు అంగూఠా. అట్లాంటాయన ఖురాన్ గోడల కథ చెప్తుంటే, పోస్టర్ ఏదో చూసి చెప్తున్నాడనుకునేవాళ్ళం. మాకు ఒక పొడుపు కథ కూడా వేసేవాడు. "సూరాలు 114. రవ్వలు పొదిగిన బిస్మిల్లాహ్‌లు 113. లేని సూరా ఏది?" సూరా తౌబా అని మేం అరవాలి. అట్లా అరిచిన వాళ్ళకు ఒక చాక్లెట్.

ముంబ్రాలో వలీమా అయిన మర్నాడు పొద్దున లోకల్ ఎక్కి శాండ్‌హర్స్ట్ రోడ్ స్టేషన్‌లో దిగాం. అక్కడి నుంచి భెండీ బజార్ దగ్గరే. అమ్మీ నడవలేదని టాక్సీ మాట్లాడితే, ఆ కొంచెం దూరానికే అరగంట పట్టింది. తోపుడు బండ్లు, హమాలీలు, తలల మీద కట్టలు, స్కూటర్లు, అత్తరు దుకాణాలు, కబాబుల పొగ, మిఠాయి పళ్ళేలు. పక్కనే చోర్ బజార్, ఇటు నల్ బజార్, అటు మొహమ్మద్ అలీ రోడ్డు. దాని మీద పెద్ద ఫ్లైఓవర్. మన చార్మినార్ చుట్టూ రంజాన్ ఆఖరి అష్రాలో ఉండే రద్దీ ఇక్కడ రోజూ ఉంటుందేమో అనిపించింది.

భెండీ అంటే మనకు బెండకాయ గుర్తొస్తుంది. దానికీ దీనికీ తాల్లుఖ్ లేదట. మరాఠీలో భెండీ అంటే గంగరావి చెట్టు. ఒకప్పుడు ఇక్కడ ఆ చెట్లు ఉండేవని కొందరు, కోటలోని ఇంగ్లీషు వాళ్ళు క్రాఫోర్డ్ మార్కెట్ వెనక ఉన్న బజారును 'బిహైండ్ ద బజార్' అంటే అదే నోళ్ళలో నలిగి భెండీ బజార్ అయిందని ఇంకొందరు చెప్తారు. ఇప్పుడైతే ఆ పాత చాల్‌లు చాలావరకు కూలగొట్టి టవర్లు లేపుతున్నారు. 16.5 ఎకరాల మహల్లాను మొత్తంగా కొత్తగా కట్టే పని. దాన్ని దావూదీ బోహ్రాల ట్రస్టే చేస్తోంది.

ఆ క్రేన్ల మధ్య, ఆ హారన్ల మధ్య, ఒక మలుపు తిరగంగనే తెల్లగా కనపడింది. రౌదత్ తాహెరా. అమ్మీ టాక్సీలోంచే "యా అల్లాహ్" అంది.

చదివేవాళ్ళలో కొందరికి తెలియకపోవచ్చు కాబట్టి రెండు మాటలు. దావూదీ బోహ్రాలు షియాల్లో ఇస్మాయిలీ శాఖ వాళ్ళు. ఒకప్పుడు మిస్ర్‌ని ఏలిన ఫాతిమీ ఖలీఫాలను ఇమాములుగా మానే సిల్సిలా. వాళ్ళ ఇరవై ఒకటో ఇమామ్ పర్దాలోకి వెళ్ళాక, ఆయన తరఫున జమాత్‌ని నడిపించే పెద్దను దాయీ అంటారు. ఈ దాయీల గద్దె మొదట యమన్‌లో ఉండి, పదహారో సదీలో గుజరాత్‌కి వచ్చింది. ఈ మక్బరా 51వ దాయీ సయ్యద్నా తాహెర్ సైఫుద్దీన్ సాహెబ్‌ది. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి ఛాన్స్‌లర్‌గా ఉన్నది ఆయనే. 1965లో ఆయన వఫాత్ అయ్యాక, కొడుకు, 52వ దాయీ సయ్యద్నా మొహమ్మద్ బుర్హానుద్దీన్ సాహెబ్ ఈ మక్బరా కట్టించారు. నక్షా గీసింది యహ్యా మర్చంట్. కరాచీలో జిన్నా మజార్ డిజైన్ చేసింది కూడా ఈయనే. 1975లో అప్పటి రాష్ట్రపతి ఫఖ్రుద్దీన్ అలీ అహ్మద్ చేతుల మీదుగా దీని ఇఫ్తితాహ్ జరిగింది. 2014లో బుర్హానుద్దీన్ సాహెబ్‌ని కూడా ఇక్కడే, తండ్రి పక్కన దఫన్ చేశారు.

అబ్బా ఆ ఇఫ్తితాహ్ చూడలేదు. దానికి ముందే ఊరికి వచ్చేశాడు. అంటే పూర్తయిన ఇమారత్‌ని ఆయన ఎన్నడూ చూడలేదన్నమాట.

గేటు దగ్గర నాకు ఝిజక్ అయింది. మేం సున్నీలం, వాళ్ళు బోహ్రాలు. అమ్మీది నల్ల బుర్ఖా. లోపలికి పోతున్న బోహ్రా ఆడవాళ్ళందరూ గులాబీ, పచ్చ, ఆకాశం రంగు రిదాల్లో ఉన్నారు, అంచులకు లేసులు. మగవాళ్ళకు తెల్ల కుర్తా, బంగారు అంచు టోపీ. ఎవరైనా ఏమైనా అంటారేమోనని నేను ఆగిపోతే, అమ్మీయే ముందుకు పోయి గేటు దగ్గరి పెద్దమనిషితో మన దక్కనీలో మొదలుపెట్టింది. "మియాఁ, మేరే మరద్ యాఁ పత్థర్ ఘిసే సో హై. దేఖ్‌నే ఆయి." ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. అమ్మీ మొహం చూశాడు. చెప్పులు ఎక్కడ విడవాలో చూపించి, ఫోన్ సంచిలో పెట్టుకొమ్మని నాకు చెప్పి, "ఆవో మాజీ" అన్నాడు.

లోపల అడుగు పెట్టగానే బయటి శోర్ ఎటు పోయిందో పోయింది. కాళ్ళ కింద చల్లగా పాలరాయి. రాజస్థాన్‌లోని మక్రానా గని రాయి. తాజ్ మహల్‌కి వాడింది అక్కడిదే. లోపలి గది 51 అడుగుల చదరం. ఆయన 51వ దాయీ కాబట్టి అంత పెట్టారు. లోపలి ఎత్తు 80 అడుగులు, హిజ్రీ లెక్కన ఆయన బతికింది 80 ఏళ్ళు కాబట్టి. లెక్క కూడా ఒక అదబ్‌లా పెట్టారు. పైన గుంబద్, ఖాహిరాలోని ఫాతిమీ ఇమారతుల తరీఖాలో.

ఇక గోడలు. నాలుగు దిక్కులా ఖురాన్. 772 పాలరాతి పలకల మీద అల్హమ్ద్ నుంచి వన్నాస్ దాకా, చెక్కి, బంగారం నింపిన అక్షరాలు. సూరాల మొదట్లో బిస్మిల్లాహ్‌లు జవాహిరాలతో మెరుస్తున్నాయి. అబ్బా 'రవ్వలు' అన్నవి ఇవే.

నేను తల ఎత్తి చూస్తూ నిలబడిపోయాను. ఖత్తాతీ చూడాల్సింది. నేను మాత్రం అక్షరాలను చూడలేదు. అక్షరాల మధ్య ఖాళీగా ఉన్న తెల్ల రాయిని చూశాను. అద్దంలా ఉంది. ఎవరో రుద్దితేనే అట్లా అయింది. నీళ్ళు చల్లి, సానరాయి పట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, గీత లేకుండా పోయేదాకా రుద్దితే. అబ్బా అరచేతులు మాకు గుర్తు. పగుళ్ళు బారి, గీతలు అరిగిపోయి ఉండేవి. ఆధార్ కార్డు తీసేటప్పుడు మిషన్ ఆయన వేలిముద్రలు పట్టలేదు. నాలుగుసార్లు తిప్పి పంపారు. "రాళ్ళకే ఇచ్చేసిన బేటా" అని నవ్వాడు అప్పుడు.

అమ్మీకి అరబ్బీ నాజ్రా వచ్చు. మానీ తెలియదు, కానీ ముస్‌హఫ్‌లో ఎక్కడ ఏ ఆయత్ ఉందో ఆమె కళ్ళకు తెలుసు. ఒక గోడ దగ్గర నిలబడి, దుపట్టా సర్దుకుని, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. కొంచెం చదవడం, ఒక అడుగు జరగడం. నేను వెనక నడుస్తున్నా. చాలాసేపటికి ఒకచోట ఆగి నా చెయ్యి గుంజింది.

"చూడు. తౌబా. బిస్మిల్లాహ్ లేదు."

పక్క సూరాల దగ్గర రవ్వల మెరుపు ఉంది. అక్కడ లేదు. అమ్మీ ఆ ఖాళీ దిక్కే చూస్తూ, "చాక్లెట్ ఇయ్యుమను ఇప్పుడు" అంది. అని ఏడ్చింది. రెండేళ్ళలో అమ్మీ అట్లా ఏడవడం నేను చూడలేదు. ఇద్దత్‌లో కూడా చుప్‌గానే ఉంది.

దీంతో అబ్బా ఇక్కడ పని చేశాడని సబూత్ దొరికిందా? లేదు. తౌబాకి బిస్మిల్లాహ్ లేదని ఏ ముసల్మాన్ బిడ్డకైనా తెలుసు. కట్టించిన వాళ్ళ పేర్లు, నక్షా గీసిన వాళ్ళ పేర్లు తారీఖ్‌లో ఉంటాయి. రుద్దిన వాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు, తాజ్ మహల్‌లోనూ లేవు, మన మక్కా మసీదులోనూ లేవు. అడుగుదామంటే ఎవరిని అడగాలి? యాభై ఏళ్ళు దాటిన మాట.

అమ్మీ రెండు మజార్ల దగ్గర కొంచెం దూరంగా కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళే. ఒక కోడలు పిల్లాడిని ఒళ్ళో వేసుకుని ఏదో గొణుగుతోంది. ఒక ముసలావిడ జాలీకి నుదురు ఆనించింది. అమ్మీ చాలాసేపు వాళ్ళనే చూసింది. "వీళ్ళంత లోపల్ దాకా వస్తున్నరు. దగ్గర కూసుంటున్నరు" అంది మెల్లగా. తర్వాత ఇంకొంచెం మెల్లగా, "నేను మీ అబ్బా దగ్గర కూసోలే" అంది.

నేను జవాబు చెప్పలేదు. నా దగ్గర లేదు కూడా. ఫాతెహా చదివి, మర్హూములందరి మగ్ఫిరత్ కోసం దువా చేసి బయటికి వచ్చాం.

బయటికి రాగానే అమ్మీ సంచిలోంచి ఒక పోస్టుకార్డు తీసింది. ఇంట్లో సందూక్ అడుగున ఉంటుందని తెలుసు కానీ నేనెప్పుడూ చదవలేదు. 1973 నాటిది. అబ్బా చెప్తుంటే ఎవరో తెలుగులో రాసిపెట్టినది. సలాం, అందరూ ఖైరియత్, మనియార్డరు ముట్టిందా, ఆ తర్వాత: "పెద్ద పని దొరికింది. ఖురాన్ షరీఫ్ రాళ్ళు. మేము సాఫ్ చేస్తున్నము. రోజూ వజూ చేసి ముట్టుకుంటున్న. ఫికర్ చెయ్యకు." పేరు కింద అంగూఠా. అప్పుడు ఆ ముద్రలో గీతలు ఇంకా ఉన్నాయి.

ఇది కూడా కోర్టులో నిలబడే సబూత్ కాదు. ఏ గోదాములో, ఎవరి కింద, ఏ రాళ్ళు, అవన్నీ అందులో లేవు. కానీ ఇరవై ఏళ్ళ పెళ్ళానికి అబద్ధం రాయించాల్సిన జరూరత్ ఆయనకు ఏముంది? మేం నవ్విన రోజులు గుర్తొచ్చి తల వంచుకున్నాను.

కార్డు మీద పంపినవాళ్ళ చిరునామా ఉంది: కామాఠీపురా, ఒక గల్లీ నంబరు. ఎందుకు దాచిపెట్టారో అప్పుడు అర్థమైంది. ఆ పేరు వింటే లోకానికి ఒకటే గుర్తొస్తుంది. అబ్బా ఎవరడిగినా "నాగ్‌పాడాలో ఉండేవాణ్ణి" అనేవాడు. అసలు ఆ వాడకు ఆ పేరు వచ్చిందే మనవాళ్ళ వల్ల. నిజాం రాజ్యం నుంచి ఇళ్ళు కట్టే పనులకు పోయిన తెలుగు కూలీలను బొంబాయిలో కామాఠీలు అనేవారు. వాళ్ళు కాపురం ఉన్న వాడ కామాఠీపురా. బద్నామ్ తర్వాత వచ్చింది. కష్టం చేసి బతికిన వాళ్ళ పేరు ముందే ఉంది.

"పోదామా?" అని భయపడుతూ అడిగాను. "పోదాం. ఆయన తిన్న చోటు, పన్న చోటు. నాకేం షరం" అంది అమ్మీ. టాక్సీలో ఒక గల్లీ మొదట్లో దిగి చాయ్ తాగాం. పక్కన కూర్చున్న ముసలాయన మా మాటలు విని, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు తెలుగులో. తాండూరు అంటే, "మాది మక్తల్ దిక్కు. మా తాత వచ్చిండు ఈడికి" అన్నాడు. అబ్బా సంగతి అమ్మీ చెప్పింది. ఆయనకు అబ్బా తెలియదు. కానీ, "రాతి పనోళ్ళు శానామంది ఉంటుండిరి ఈ గల్లీలల్ల" అన్నాడు. చాయ్ పైసలు మమ్మల్ని ఇవ్వనియ్యలేదు.

తాండూరు వచ్చిన రాత్రి అమ్మీ తమ్ముణ్ణి పిలిచి ఒకటే మాట చెప్పింది. "రేపు ఫజర్ తర్వాత నన్ను ఖబ్రస్తాన్ తీస్కపో."

తమ్ముడు తడబడ్డాడు. మసలా కదా. ఆడవాళ్ళ జియారత్ మీద ఉలమాలో ఇఖ్తెలాఫ్ ఉంది. వాడు ఆ రాత్రి మా మహల్లా మౌలానా సాహెబ్ దగ్గరికి పోయాడు. మొదట ఖబర్ల జియారత్‌ను మన్హా చేసి, తర్వాత ఆఖిరత్ యాదికి వస్తుందని ఇజాజత్ ఇచ్చారు హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం అని ఆయన చెప్పారట. ఆ ఇజాజత్ ఆడవాళ్ళకు కూడానా అన్న దగ్గరే రాయ్ వేరు వేరు. పర్దాతో, రోదన లేకుండా, జనం లేని వేళ పోతే అభ్యంతరం లేదన్నారట. మీ దగ్గరి ఆలిమ్ ఇంకో మాట చెప్తే నేను బహస్ పెట్టను. మా ఇంట్లో జరిగింది చెప్తున్నా, అంతే.

తెల్లారక ముందే పోయాం. వేపచెట్టు పక్కన, మట్టి కుప్ప. వానలకు సగం దిగిపోయింది. దాని నిండా గరిక. తలవైపు ఒక తాండూరు బండ ముక్క నిలబెట్టి ఉంది, పేరు లేదు, నిశానీకి. తమ్ముడే పెట్టాడట. అమ్మీ పక్కన మట్టిలోనే కూర్చుంది. యాసీన్ చదివింది. చదివాక ఆ బండ ముక్క మీద చెయ్యి వేసి నిమిరి, "ఇది పాలిష్ కాలే. గరుకుగనే ఉంది. మంచిగుంది" అంది.

తర్వాత తమ్ముడి ఫోన్ తీసుకుని జెద్దాకి వీడియో కాల్ చేయించింది. భాయిజాన్ డ్యూటీకి తయారవుతున్నాడు. మాటల్లేకుండా ఫోన్ ఖబర్ వైపు తిప్పింది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గడ్డి మొలిచింది కదా అమ్మీ" అన్నాడు. గొంతు పూడుకుపోయింది.

"మొలిచింది బేటా. ఉండనియ్యి" అంది అమ్మీ. "సంగ్ మర్మర్ నేను చూసొచ్చిన. మీ అబ్బా ఎంత రుద్దిండో అంత మెరుస్తుంది ఆడ. ఈడ నక్కో. పైసలు పంపకు. నువ్వు రా. వచ్చి ఈడ కూసో. అందలేదని నీ దిల్‌లో ఉంది కదా, అది ఈడ కూసుంటే పోతది."

భాయిజాన్ బక్రీద్‌కి వస్తున్నాడు. ఛుట్టీ మంజూరైంది. సంగ్ మర్మర్ మాట మళ్ళీ ఎత్తలేదు. అబ్బా పోస్టుకార్డు ఫోటో తీసి పంపమన్నాడు, పంపాను. ఇప్పుడది ఆయన ఫోన్ మీద మొదటి బొమ్మ.

మీ ఖాన్‌దాన్‌లో కూడా బొంబాయి పోయి, దుబాయ్ పోయి ఎవరెవరి మహళ్ళో కట్టి, మట్టిలో పన్నవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళు చెప్పిన కిస్సాలకు మాలాగే నవ్వి ఉంటారు. ఒకసారి అడిగి తెలుసుకోండి, చెప్పేవాళ్ళు ఉండంగనే. మా అబ్బా మగ్ఫిరత్ కోసం ఒక అల్హమ్దు, మూడు ఖుల్‌హువల్లాహ్ చదవండి. పేర్లు రాయని ఆ రాతి పనివాళ్ళందరినీ కలిపి చదవండి.